మాటు

పొల్లు పెట్టే మీట మీద అక్షరం చెరిగిపోయి నాలుగేళ్ళు.
కొన్నప్పుడు అక్కడ ఇంగ్లీషు డి ఉండేది.
ఎనిమిదేళ్ళుగా ఎన్ని ఒత్తులు దాని మీదుగా నడిచాయో,
ఎవరెవరి నవలల్లోకో, పెళ్ళిపత్రికల్లోకో,
ఆ ఒక్క చోటే నున్నగా మెరుస్తోంది
గడప మధ్య అరిగినట్టు.

పనిచేస్తోంది.
ఫ్యాను చప్పుడు పిండిమర. చార్జి నలభై నిమిషాలు.
మూత ఒకపక్క వదులు, గోడకి ఆనించి తెరవాలి.
అయినా పనిచేస్తోంది.

పెరంబూరులో రైలెక్కాక ధరణీజ చెప్పింది:
కొత్త రకం ఒకటి వచ్చిందట,
ఏ భాగానికి ఆ భాగం ఊడుతుందట,
పెట్టెలోనే స్క్రూడ్రైవరు ఇస్తారట,
తెర పగిలితే తెర, బ్యాటరీ పోతే బ్యాటరీ,
ఇంక జన్మలో మరొకటి కొననక్కర్లేదట.
అందుకని ఇప్పుడొకటి కొనాలి.
లక్షా పద్దెనిమిది వేలు.
నేను నవ్వాను. తను నవ్వలేదు.
"నీది పోయిన రోజు విప్పి చూసే దిక్కుండదు," అంది
బేసిన్ బ్రిడ్జిలో దిగేవాళ్ళకి దారిస్తూ.

రాత్రి లెక్క వేశాను.
పేజీకి పద్దెనిమిది రూపాయల చొప్పున
ఆరువేల అయిదువందల చిల్లర పేజీలు.
అందులో ఎన్ని పొల్లులో.

శనివారం రిచీ వీధికి పట్టుకెళ్ళాను.
మొహిదీన్ కొట్టు మెట్ల కింద, నిలబడితే తల తగులుతుంది.
జిగురు కరిగేదాకా హెయిర్ డ్రయ్యరు పట్టాడు,
పసిపిల్ల తల ఆరబెట్టినట్టు.
మెమరీ బోర్డుకే టంకం పెట్టేశారు, పెంచడానికి లేదు.
బ్యాటరీ ఉబ్బిందేమో అని వేలితో తడిమాడు. లేదు.
ఫ్యానులోంచి ఉండగా వచ్చింది నా జుట్టే.
కొత్తది కొననా అంటే
తల ఎత్తకుండా "ఓడుదుల్ల?" అన్నాడు.

పుట్టి పెరిగిందిక్కడే, తమిళం రాక కాదు.
వాళ్ళకి ఓడడమంటే పరుగు.
అయినా నా చెవి ముందు తెలుగులోనే వింటుంది.
ఓడింది. ఓడుతోంది. ఓటికుండ.
ఆ అర క్షణం నా యంత్రం ఓడిపోయింది,
వెంటనే లేచి పరుగెత్తింది.
"ఓడుదు," అన్నాను.
"అప్పురమెన్న?" అన్నాడు. మూడువందలు తీసుకున్నాడు.

వీధి చివర బండి మీద
తూకానికి పోసిన లాప్‌టాప్‌లు,
మూతలు ఒక గుట్ట, మీటలు ఒక గుట్ట,
ఒక మూత మీద ఏ పాపో అంటించిన సీతాకోకచిలుక.
బాగుచేయదగ్గది కొన్నానన్న సంతోషంలో
బాగానే ఉన్నదాన్ని నేనూ ఇక్కడే దింపి వెళతాను,
కిలో ఎంతో అడిగి.

వ్యాసర్పాడి మునిగిన డిసెంబరులో
దీన్ని చీరలో చుట్టి, ఇడ్లీపాత్రలో పెట్టి అటకెక్కించాను.
బియ్యం ఎక్కించాకే, నిజం చెప్పాలి.

చూళైలో మా వీధికి
బిందెలకి మాట్లు వేసేవాడొకడు వచ్చేవాడు.
అతని చేతి గొప్ప ఎంతో, బిందె గొప్పా అంతే,
సుత్తి దెబ్బకి ఒప్పుకునే రాగి అది.
ధరణీజ అంటున్నదీ ఇదే కాబోలు.
మాటకి కొమ్మిస్తే మాటు.
ప్రూఫుల్లో ఎన్నిసార్లు కొట్టేశానో ఆ కొమ్ముని,
తప్పనుకుని.
ఒకమాటు అంటే ఒకసారి అని కూడా.
ఒకమాటు కొంటే చాలు అంటుంది తను,
ఒక మాటు వేస్తే చాలు అంటాడు అతను,
ఇద్దరి మాటా ఒకే మీటల మీద కొట్టొచ్చు.

కొనలేదు. కొననని కూడా అనుకోలేదు.
వస్తూ వస్తూ తొంభై రూపాయలు పెట్టి
తొమ్మిది మొనల స్క్రూడ్రైవరు తెచ్చాను.
కుక్కరు పిడి బిగించాను, రెండేళ్ళుగా ఊగుతోంది.
స్టూలు కాలు బిగించాను.
ఆ ఊపులో లాప్‌టాప్‌ని బోర్లించాను.
మరకి అయిదు రేకుల తల.
తొమ్మిదింటిలో ఏదీ దిగలేదు.

గోడకి ఆనించి తెరిచాను.
రేపటికి డెబ్బై పేజీలు.